చెరుకుపల్లిలో హీటరు

రోహిణీకార్తెలో రోళ్లు పగులునని పెద్దలు చెప్పిన మాటను నేటికిని నిజము చేయుచుండు మా చెరుకుపల్లి ప్రాంతమునందు, తెనాలినుండి గాని, రేపల్లెనుండి గాని, బాపట్లనుండి గాని కారులో వచ్చి, చొక్కా వీపునకంటుకొనిపోగా ఉసూరుమనుచు దిగు పెద్దమనిషికి, ఆ కారులోనే వేడిగాలి నూదు పరికరమొకటి కలదని గుర్తుచేసినచో, వేళాకోళమాడుచున్నామని కోపగించుకొనును. ఆయన కోపము న్యాయమే. 1983 డిసెంబరులో గుర్గాఁవ్ కర్మాగారమునుండి వెలువడ నారంభించి, 2014 జనవరిలో తయారీ నిలిచిపోయిన పిమ్మటను మన పల్లెబాటలను విడువని మారుతి 800 బండ్లలో హీటరున్న వాటిని చూడుడు: ఆ మీటను ఎఱ్ఱగుర్తు వైపునకు జరుపవలసిన యగత్యము యజమానునకు ఏండ్ల తరబడి కలుగదు. కాని ఆ హీటరును ఇంజనుతో కలుపు రెండు రబ్బరు గొట్టములు మాత్రము, ఆయన యిష్టానిష్టములతో నిమిత్తము లేక, బండి నడచినంతసేపును వేడికి ఉడుకుచునే యుండును.

ఇంజనులో కాగిన నీటిలో కొంతభాగమును ఒక గొట్టము డ్యాష్‌బోర్డు వెనుక దాగియున్న చిన్న రేడియేటరునకు కొనిపోవును. రెండవది మరల ఇంజనునకు చేర్చును. మీట మూసియున్నను గొట్టములోని నీటికిని, దాని వెనుకనున్న యొత్తిడికిని సెలవు లేదు. రేడియేటరు మూత చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు 0.9 కిలోల యొత్తిడిని బిగబట్టియుంచుటచేతనే లోపలి నీరు 100 డిగ్రీలు దాటినను మరుగక నిలుచును. ముదిరిన రబ్బరు ఒకనాడు పగిలెనా, ఆ యొత్తిడి జారిపోయి, నీరు ఆవిరియై పోవును. 796 సీసీల ఆ మూడు సిలిండర్ల చిన్న ఇంజనుపై నున్న అల్యూమినియము హెడ్డు వంగును. హెడ్ గాస్కెట్టు కొట్టుకొనిపోవును. రబ్బరుముక్కకు వందలు పెట్ట వెనుకాడినవాడు వేలు చెల్లించుకొనుట ఇట్లే.

పరీక్షకు పనిముట్లతో పనిలేదు. బొటనవ్రేలును చూపుడువ్రేలును చాలును. ఉదయమున, ఇంజను చల్లగానున్నపుడు, బానెట్టు ఎత్తి, గొట్టమును క్లిప్పునకు చేరువగా నొత్తి చూడవలయును. మంచి రబ్బరు ఒత్తినపుడు లొంగి, విడిచినవెంటనే తన యాకృతిని తాను పొందును. ముసలిదైన గొట్టము ఎండిన తాటిమట్టవలె బిఱుసెక్కి, వంచినపుడు పైపొరపై సన్నని బీటలు చూపును. నూనె పడి పాడైనదో, మెత్తబడి వ్రేలిగుర్తు నుంచుకొనును. నా దృష్టిలో మొదటిదానికంటె ఇదియే ప్రమాదము, చూపునకు క్రొత్తదానివలెనే కనుపించును గనుక. క్లిప్పు మొదట ఎండిపోయిన తెల్లని పొక్కు గాని, పచ్చని మరక గాని యున్నచో అచ్చట నీరూరుచున్నదన్నమాట. ఇక కారులోపల కాళ్లకడ పట్టా తడిసి, తియ్యని వాసన వచ్చుచు, ముందద్దముపై జిడ్డుపొర పేరుకొనుచున్నచో, అనుమానింపవలసినది లోపలి చిన్న రేడియేటరునే.

మార్చుటలో తొందర పనికిరాదు. వేడిమీద మూత విప్పినవాడు ఆసుపత్రికి పోవలసివచ్చును. పాత గొట్టము లోహపుమూతిని కఱచుకొనియుండును. దానిని ప్లయరుతో మెలిపెట్టి లాగినచో పలుచని మూతి విఱిగి, అరగంట పని డ్యాష్‌బోర్డు విప్పు పనిగా పెరుగును. కావున బ్లేడుతో నిలువున చీల్చి ఒలిచివేయుట మేలు. ఆ ముక్కలను తెనాలి దుకాణమునకు కొనిపోయి, లోపలి వ్యాసమును, వంపును సరిచూచి క్రొత్తవి కొనవలెను. తిన్నని గొట్టమును మలుపులో బలవంతముగా వంచినచో నడుమ మడతపడి నీటిదారి మూసికొనును. ఎక్కించునపుడు గ్రీజు పూయక, కూలెంటుతో తడిపిన చాలును. సముద్రము చేరువనున్న యీ సీమలో మఱియొక జాగ్రత్త: నిజాంపట్నము వైపున బోరునీరు ఉప్పన, ఆ నీరు రేడియేటరులో పడినచో లోహమును తినివేయును. డిస్టిల్డు వాటరును కూలెంటుతో సమపాళ్ల కలిపి పోసి, హీటరు మీట తెఱచి, మూత తీసియుంచి, బుడగలు ఆగువఱకు ఇంజను నడుపవలెను. తీసిన పాత కూలెంటు తియ్యని విషము. కుక్కలు నాకి చచ్చును. పంటకాలువలో పోయరాదు.

“మాస్టారూ, మన ఎండలకి ఈ హీటరెందుకండీ? రెండు పైపులూ కలిపి బైపాస్ కొట్టేస్తే పోలా!” అని కుఱ్ఱ మెకానిక్కులు సలహా నిత్తురు. లోపలి రేడియేటరు కారుచుండగా, క్రొత్తది దొరుకువఱకు అట్లు చేసిన దోషము లేదు. బాగున్నదానిని కోసివేయుటకు మాత్రము నేనొప్పను. ధనుర్మాసపు మంచులో అద్దము మసకబాఱినపుడు దానిని తుడుచునది ఆ వెచ్చని గాలియే. అంతకంటె పెద్ద యుపకార మింకొకటి కలదు. మే నెల మిట్టమధ్యాహ్నము, గడ్డిట్రాక్టరు వెనుక నత్తనడక నడచుచుండగా, వేడిముల్లు పైకెక్కసాగినచో, ఏసీ ఆపి, అద్దములు దించి, హీటరు మీట పూర్తిగా తెఱచి, ఫ్యాను హెచ్చుగా పెట్టవలెను. ఇంజను వేడిలో కొంత ఆ చిన్న రేడియేటరుగుండ బయటపడి, చెట్టునీడ చేరువఱకు బండి మాట దక్కును. నడివేసవిలో హీటరు వేసికొని చెమటలు గ్రక్కుచు పోవువానిని చూచి దారినపోవువారు నవ్విన నవ్వనిండు. అయితే గొట్టమే పగిలి నీరంతయు పోయిన పిమ్మట ఈ యుపాయము పాఱదు. అప్పుడు ఇంజను ఆపి, ఎండలో నిలుచుండి, మెకానిక్కునకు ఫోను చేయవలసినదే.