పావురాల గింజ

మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి ఆలయపు తూర్పు గాలిగోపురం పదకొండు అంతస్తులతో, 153 అడుగుల ఎత్తున నిలిచి ఉన్నది. 1807–09 సంవత్సరాలలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు దానిని కట్టించాడు. గోపురమున్న చోట పావురాలు కాపురముండడం ఆంధ్రదేశమంతటా కనిపించే దృశ్యమే. పావురాలున్న చోట గింజలు చల్లే చేయి కూడా ఉంటుంది. జీవకారుణ్యమని ఒకరు, మ్రొక్కుబడి అని ఒకరు, ఊరక చూచి ఆనందించడానికని మరొకరు దోసెడు జొన్నలో, సజ్జలో, నూకలో వెదజల్లుతారు. మిద్దెపై గూళ్ళు కట్టి పెంచేవారి సంగతి సరేసరి. శిబిచక్రవర్తి కథను చిన్ననాటనే విన్న జాతికి కపోతంపై మక్కువ ఉండడంలో వింత లేదు. అయితే శిబి ఇచ్చినది తన దేహంలోని మాంసం. నేటి దాత పలుమార్లు ఇచ్చేది తనకు పనికిరాని గింజ.

వానకు తడిసిన మొక్కజొన్న, ముక్కవాసన కొట్టే జొన్న, బస్తా అడుగున నల్లబడిన వేరుసెనగపప్పు ఇవన్నీ ‘పారబోయడం కంటే పక్షులకు పోస్తే పుణ్యమైనా వస్తుంది’ అన్న మాటతో గడప దాటుతాయి. ఆ పుణ్యమెంతటిదో విచారించవలసి ఉన్నది.

పావురానికి పళ్ళు లేవు. గింజను నమలకుండా మింగి, మెడ క్రింది మేతసంచిలో నిలువ చేసుకొంటుంది. పిల్లలు పుట్టిన తొలిదినాలలో తల్లీ తండ్రీ రెండూ ఆ సంచి గోడలలో ఊరే పాలవంటి పదార్థాన్ని పిల్లల నోటికందిస్తాయి. కొన్నాళ్ళకు అందులోనే నానిన గింజలను కలిపి పెడతాయి. బూజుపట్టిన గింజ ఆ విధంగా ఇంకా కన్ను సరిగా తెరవని కూన కడుపులోనికి కూడా చేరుతుంది. బూజు చేసే కీడు రెండు విధాలు. దాని పొడి గాలితోపాటు లోనికి పోయి, పక్షి ఊపిరితిత్తులలో, వాయుకోశాలలో నాటుకొని పెరగడం ఒకటి. అప్పుడు పక్షి నోరు తెరచి రొప్పుతుంది. కాలేయాన్ని దెబ్బతీసే విషం రెండవది. అది కంటికి కనిపించదు.

ఆ విషం పేరు లోకానికి తెలిసినది పక్షుల మూలంగానే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు కారణం తెలియకుండా మరణించాయి. విచారించగా, వాటి మేతలో కలిపిన వేరుసెనగపిండిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పుట్టించిన విషం బయటపడినది. అదే అఫ్లాటాక్సిన్. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాలలో కోతల వేళ వానలు కురిసి మొక్కజొన్న బూజుపట్టినది. వేరే తిండి లేని బీదలు దానినే వండుకొని తిన్నారు. వ్యాధి సోకిన 397 మందిలో 106 మంది మరణించారు. వారి తిండినే తిన్న ఊరకుక్కలూ చచ్చాయి. ఈ సంగతిని వెలికితీసిన వారిలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ముఖ్యులు. వండినా, ఎండబెట్టినా, కడిగినా ఈ విషం పూర్తిగా పోదు. అందుచేత బూజును దులిపి గింజను పెట్టడం ఉపాయం కానేకాదు. మంచి గింజలో కలిపి పెట్టడం అంతకంటే చెడ్డది.

గుంటూరు సీమ రైతుకు ఈ విద్య కొత్తది కాదు. మిరపకాయలను కల్లంలో పలుచగా పరచి, తిరగవేసి, రాత్రి మంచు పడకుండా పట్టాలు కప్పి, తాలుకాయలను వేరుచేసి యార్డుకు తోలుతాడు. ఏమాత్రం చెమ్మ ఉన్నా వ్యాపారి ధర తగ్గిస్తాడని అతడెరుగును. పావురం ధర తగ్గించదు. దాని గింజకు ఆ శ్రద్ధ దక్కకపోవడానికి కారణం అంతకంటే వేరు లేదు.

జొన్న, మొక్కజొన్నలలో తేమ 12 శాతానికి, వేరుసెనగకాయలలో 8 శాతానికి మించకుండా ఆరబెట్టాలి. కొలిచే యంత్రం లేనివారికి పెద్దల పంటిపరీక్ష ఉన్నది: ఆరిన గింజ కొరికితే పుటుక్కున పగులుతుంది, పచ్చిది నొక్కుకుపోతుంది. మరొక పరీక్షకు కావలసినవి పొడి గాజుసీసా, పొడి ఉప్పు. రెండు గుప్పెళ్ళ గింజలలో చెంచాడు ఉప్పు వేసి నిమిషంసేపు కుదిపి, కొంతసేపు ఉంచితే, ఉప్పు గాజుకు అంటుకొన్నచో గింజలో తేమ సుమారు 15 శాతానికి పైగా ఉన్నట్లే. దానిని మళ్ళీ ఎండకు వేయవలసినదే. ఎండలోనుంచి తీసిన వేడి గింజను వెంటనే సంచికెత్తరాదు. రాత్రి చల్లబడగానే ఆవిరి నీరై లోపలనే నిలుస్తుంది. బస్తాను నేలపై కాక చెక్కలపై, గోడకు జానెడు ఎడంగా ఉంచాలి. పాత సంచులను ఉతికి ఎండబెట్టిన తరువాతనే వాడాలి. పురుగు పట్టకుండా చూచుకోవడం కూడా ఇందులో భాగమే, ఏలననగా పురుగుల ఊపిరితో గింజలో వేడి, చెమ్మ పెరుగుతాయి.

కార్తీకంలో తుపాను ముసురు పట్టినప్పుడు ఈ జాగ్రత్తలన్నీ తలక్రిందులవుతాయి. అట్టి దినాలలో నెలకు సరిపడ గింజను కొని పెట్టుకోక, వారానికి సరిపడ కొనుక్కోవడం మేలు. మేతను తడినేలపై చల్లక, పొడిపళ్ళెంలో, ఒక్క పూటలో తినగలిగినంతే ఉంచి, మిగిలినదానిని సాయంకాలానికి ఊడ్చివేయాలి. ఊడ్చినది మరునాటి మేతలో కలపరాదు, కోళ్ళకూ వేయరాదు.