ఇప్పచెట్టు కింద లెక్క

వెన్నపండు, అదే అవకాడో, ఇప్పుడు మన పాఠకుల్లో చాలామందికి తెలిసిందే. దాని గుజ్జు నుంచి తీసిన నూనె చిన్న సీసాల్లో పెద్ద ధర పలుకుతోంది. ఆ కాయ చెట్టున ఉన్నంతకాలం మెత్తబడదు, కోశాకే పండుతుంది. పండాక ఎక్కువ రోజులు నిలవదు. అందుకే మిగులు కాయను నూనె చేసుకుంటే రైతుకు మేలంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మా రాయగడ వైపు ఇప్పచెట్లు నా కళ్ళ ముందు నిలుస్తాయి. నూనెచెట్టు మనకూ ఒకటి ఉంది మరి!

1936లో ఒడిశా ఏర్పడే వరకూ కోరాపుట్ సీమ విశాఖపట్నం జిల్లాలోదే. అందులోంచి 1992లో రాయగడ విడి జిల్లా అయింది. తాతల నాటి నుంచీ అక్కడున్న మాబోటి తెలుగు కుటుంబాలకు వారం వారం కొండవాళ్ళ సంతతోనే పని.

ఇప్పపువ్వు సంగతి అందరికీ తెలుసు. పువ్వు రాలిపోయాక కాయ కట్టి, తొలకరి రోజుల్లో పండి రాలుతుంది. పండు పిల్లలు తింటారు, గింజ ఆడవాళ్ళు ఏరుతారు. వాన తడికి బూజు పట్టకముందే పెంకు కొట్టి పలుకు ఎండబెట్టాలి. పలుకులో దాదాపు సగం నూనే. దాన్ని దంచి, ఆవిరి పట్టి, తీగలతో అల్లిన బుట్టలో పెట్టి రెండు మొద్దు చెక్కల మధ్య నొక్కుతారు. చలికాలంలో ఆ నూనె నెయ్యిలా పేరుకుంటుంది. మా మామ్మ దానితోనే దీపం పెట్టేది, పగిలిన మడమలకు రాసుకునేది.

నా చిన్నతనంలో సంతకొచ్చే ఒక వర్తకుడు గింజ తీసుకుని ఉప్పు కొలిచేవాడు. గింజ శిగ దీసి, ఉప్పు తలగొట్టి! మా ఇంటికి అడ్డాకులు తెచ్చే కోదు ఆడమనిషి మాత్రం గింజ అమ్మేది కాదు. మామ్మ అడిగితే, "గింజమ్మితే ఉప్పొస్తాదమ్మా, అంతే. నూనె తీస్తే దీపానికి, కూరకి, ఒంటికి అన్నిటికీ వస్తాది. పిండి కూడా నాదే గదా" అంది.

ఆ పిండి తక్కువదేమీ కాదు. తలంటుకి నురగ వస్తుంది. చేపలకు మత్తెక్కించి పట్టడానికి వాగులో కలిపేవారు. గింజ అమ్మినవాళ్ళకి ఈ పిండి కూడా పోయేది. పైగా ఆ నూనెనే మళ్ళీ డబ్బు పెట్టి కొనుక్కోవలసి వచ్చేది.

తరువాత రోజులు మారాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఇలాంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద గిరిజనులకు యాజమాన్య హక్కు ఇచ్చింది. 2013-14లో కేంద్రం మొదలుపెట్టిన కనీస మద్దతు ధర పథకంలో ఇప్పగింజనూ చేర్చారు. సంతోషమే. కాని గింజకు ధర ఎంత పెంచినా అది గింజ ధరే. నూనె ధర నూనె తీసినవాడికే దక్కుతుంది. కిరాణా కొట్టు నూనె ప్యాకెట్ ఇంటింటికీ చేరాక, చెక్కల మధ్య నొక్కే ఆ ఓపికా నేర్పూ పెద్దవాళ్ళతోనే పోతున్నాయి.

వెన్నపండు తోట వేద్దామనుకునే కొండ రైతుకు కూడా నేను చెప్పేది ఇదే. మొక్క నాటే రోజునే గానుగ సంగతి ఆలోచించుకోండి. ఒక్కడి వల్ల కాకపోతే పదిమంది కలిసి ఒకటి పెట్టుకోండి. కాయ విరగకాసిన ఏడు ధర పడిపోతుంది. ఆ ఏడు రైతును నిలబెట్టేది తన ఊళ్ళో, తన చేతి కింద ఉన్న గానుగే.