అరకు ఘాటులో మా లారీ ప్రయాణము

అరకులోయలో మేము నాలుగు సంవత్సరములు కాపురముంటిమి. మావారు అచ్చటి పాఠశాలలో ఉపాధ్యాయులు. గడచిన వేసవి సెలవులలో వారికి దిగువ మైదానమునకు బదిలీ యయ్యెను. పిల్లలను అత్తగారి వెంట విశాఖపట్టణము పోవు రైలులో ముందుగ పంపివేసితిమి. మేము కూడ ఆ రైలుననే పోవలసినది గాని, అప్పుడే పెట్టిన ఆవకాయ జాడీలను పరులచేతిలో విడుచుటకు మనసొప్పలేదు. సామాను సర్దునాడు మా చిన్నమ్మాయి ఒక జాడీని పగులగొట్టి, మేము కోపపడుదుమని పెంకులను మంచము క్రింద దాచెను. చీకటిలో అవి మా పాదమునకు గ్రుచ్చుకొన్నవి. ఇక మిగిలిన నాలుగు జాడీలనైనను కండ్లయెదుట నుంచుకొనవలెనని, కాలికి కట్టుతోనే మావారితో కూడ లారీ యెక్కితిమి.

అది ఆరుచక్రముల లారీ. మా సామాను దానిలో సగమైనను నిండలేదు. మిగిలిన చోటున ఒక వర్తకుడు పసుపు బస్తాలు వేయించెను. ఇట్టి లారీ తన బరువుతో కూడ 18.5 టన్నుల వఱకు ఉండవచ్చును. 2018 కి పూర్వము 16.2 టన్నులే హద్దు. అంత బరువును కొండమీదనుండి దింపుట యెట్లో ఆనాడు మేము కన్నులార చూచితిమి.

లారీతో వచ్చినవా రిరువురు. ఒకరు యేబదియైదేండ్ల పెద్ద డ్రైవరు. రెండవవాడు ఇరువదిరెండేండ్ల కుఱ్ఱవాడు. మూడేండ్లు ఆ పెద్దాయనవద్దనే క్లీనరుగా నుండెను. హెవీ లైసెన్సు వచ్చి రెండు మాసములే యైనది. వాడు మాటిమాటికి "గురువుగారూ" అని పిలుచుట విని మావారు నవ్వి, "మా బడిలో అందఱును 'సార్' అనువారే. ఈ పిలుపు లారీలో మిగిలినదన్నమాట!" అనిరి.

బయలుదేఱుటకు ముందు కుఱ్ఱవాడు ఇనుపకడ్డీతో ఒక్కొక్క టైరును కొట్టి చెవి యొగ్గి వినెను. వెనుక చక్రములు జంటలు గదా, లోపలి టైరు కంటికి సరిగా కానరాదు; గాలి తగ్గినదో లేదో చప్పుడే చెప్పవలెను. పిమ్మట పట్టా కప్పి త్రాళ్లు బిగించెను. పెద్దాయన చేతులు వెనుకకు కట్టుకొని వాని వెంట నడచి, ఒక ముడివద్ద నిలిచి దానిని వ్రేలితో తాకెను. ఒక్క మాటయు ననలేదు. కుఱ్ఱవాడు నాలుక కఱచుకొని ఆ ముడిని విప్పి మరల కట్టెను.

సుంకరమెట్ట దాటి గాలికొండవఱకు పెద్దాయనయే నడపెను. దారికిరుప్రక్కల సిల్వరుఓకు చెట్లు, వాని మొదళ్లను పెనవేసికొన్న మిరియపు తీగలు, నీడలో కాఫీ పొదలు. ఈ సీమ 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. నాలుగేండ్లు చూచిన చెట్లే యైనను, విడిచిపోవునాడు క్రొత్తగ కనబడినవి.

లారీ విద్య నేర్చుట యెట్లని మే మడిగితిమి. పెద్దాయన చెప్పిన క్రమ మిది. మొదటి యేడు కడుగుట, తుడుచుట, టైరు విప్పుట, త్రాడు కట్టుట. రెండవ యేడు బండి వెనుకకు పోవునపుడు దిగి, అఱచేతితో తట్టుచు దారి చెప్పుట; డ్రైవరునకు కనబడని మూలలెన్ని యున్నవో క్రింద నిలిచినవానికే తెలియునట. మూడవ యేట ఖాళీ మైదానములో చక్రము చేతికిచ్చుట. "చెయ్యి నెల రోజుల్లో వచ్చేస్తుందమ్మా. కన్ను రావడానికి మూడేళ్లు పడుతుంది" అనెను.

చట్టము వేఱొక క్రమము చెప్పుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము లారీవంటి రవాణా వాహనము నడుపువానికి ఇరువది యేండ్లు నిండవలెను. చిన్నబండి లైసెన్సు పొంది ఒక సంవత్సరము గడువనిదే పెద్దబండి నేర్చుకొనుటకు అనుమతి రాదు. అటుపిమ్మట డ్రైవింగు స్కూలు ధ్రువపత్రము, పరీక్ష. ఎనిమిదవ తరగతి చదివి యుండవలెనను నిబంధనను 2019 లో తొలగించిరి. ఇవన్నియు వలసినవే. కాని మైదానములో పరీక్ష యిచ్చినవానికి, పసుపు బస్తాలతో ఘాటు దిగుట యెవరు నేర్పవలెను? పూర్వము ఆ పని క్లీనరు కాలములోనే జరిగెడిది. నేడు కిరాయిలు గిట్టుబాటుగాక అనేక లారీలు క్లీనరు లేకయే పోవుచున్నవి. ప్రక్కన కూర్చుండి నేర్చుకొను చోటే ఖాళీ యగుచున్నది.

అనంతగిరివద్ద టీ త్రాగిన పిమ్మట పెద్దాయన తాళపుచెవిని కుఱ్ఱవాని చేతబెట్టి, తాను ఎడమప్రక్క కూర్చుండెను. మాకు గుండె గుభేలుమన్నది. మావారు మావైపు చూచి కనుసైగ చేసిరి. మేము నోరు మెదపలేదు.

ఘాటు దిగుటలో పెద్దలు చెప్పు సూత్రమొకటి: ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెను. క్రింది గేరులో ఇంజనే బండిని వెనుకకు పట్టియుంచును. బ్రేకు కేవలము తోడు. పై గేరులో దిగినచో బరువంతయు బ్రేకుమీద పడి, డ్రమ్ములు కాలి పట్టు సడలును. డీజిలు కలిసివచ్చునని గేరు తీసివేసి న్యూట్రల్‌లో జారవిడుచుట యన్నిటికంటె ప్రమాదము.

కుఱ్ఱవానికి ఈ సూత్రము తెలియును. తెలిసినను, వెనుక ఒక కారు ఎడతెగక హారను మ్రోగించుచుండుటచే తొందరపడి పై గేరు వేసెను. మలుపు వచ్చినప్పుడెల్ల బ్రేకు త్రొక్కుచుండెను. రెండు మూడు మలుపులు గడచినవి. దముకు దాటిన పిమ్మట ఏదో కాలుచున్న వాసన వచ్చెను. పెద్దాయన ముక్కుపుటములు కదలుట మేము చూచితిమి, ఆయన నోరు తెఱచునంతలో కుఱ్ఱవాడే, "గురువుగారూ, నాదే తప్పు. బ్రేకు పట్టు తగ్గుతోంది" అనెను.

పెద్దాయన స్వరము హెచ్చలేదు. "మంచిది, చెప్పావు. ఎదర వెడల్పు చోటుంది. చక్రం గట్టిగా పట్టుకో. ఒక్కటే తొక్కు, వదలకు. అక్కడ కొండవైపు ఆపు" అనెను. వేగ మింకను మితిమీరకపోవుటచే లారీ మూలుగుచు నిలిచెను. కుఱ్ఱవాడు దుమికి చక్రములకు రాళ్లు పెట్టెను. చక్రములనుండి పొగ లేచుచుండెను. నీళ్లు పోయవచ్చునుగదా యని మేమనగా, కాలిన డ్రమ్ముపై నీళ్లు పడిన పగులునని, తనంతట చల్లారవలసినదేనని చెప్పిరి.

కూర్చున్న ఆ ముప్పావుగంటలో పెద్దాయన తన కథ చెప్పెను. "మా గురువు చేతిలో ఎప్పుడూ పానా ఉండేదమ్మా. గేరు కరకరమంటే మోకాలి మీద దెబ్బ. అన్నమూ ఆయనే పెట్టేవాడు, కాదనను. ఒక రాత్రి ఆయన వెనకాల పడుకుని, లైసెన్సు లేని నా చేత బండి తోలించాడు. ఘాటులో ఇదే వాసన వచ్చింది. లేపితే కొడతాడని లేపలేదు. ఇంకో మలుపు, ఇంకో మలుపు అనుకున్నాను. బండి బోల్తా పడింది. నాకు గీత కూడా పడలేదు. ఆయన కాలు పోయింది."

కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. తరువాత ఆయన మావారివైపు తిరిగి, "మేస్టారూ, నాకు తెలిసింది ఒక్కటే. తప్పు చెయ్యని కుర్రాడు దొరకడు. తప్పు చేసి వెంటనే చెప్పేవాణ్ణి తయారు చేసుకోవాలి. వాడు చెప్పాలంటే నా చేతిలో పానా ఉండకూడదు" అనెను. మావారు తలవంచుకొని వినిరి. పిల్లలను కొట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పినదని వా రెఱుగుదురు. ఎందులకో ఆనాడు దాని యర్థము తెలిసినదని తరువాత మాతో ననిరి.

మాకు మాత్రము తిక్కనగారి విరాటపర్వము తలపునకు వచ్చెను. అంతఃపురములో పరాక్రమములు పలికిన ఉత్తరుడు కౌరవసేనను చూడగానే రథము దిగి పాఱిపోయెను. బృహన్నల వెంటబడి పట్టుకొనెను. అయినను వానిని ఇంటికి పంపివేయక, ఆ వణకుచున్న చేతులకే పగ్గములిచ్చెను. శల్యుడును సారథ్యమునందు ఆఱితేఱినవాడే. కాని కర్ణుని రథముపై కూర్చుండి అడుగడుగున నిరుత్సాహపు మాటలే యాడెను. నేర్పు గలిగియుండుట వేఱు, ప్రక్కవానికి ధైర్యముగ నుండుట వేఱు.

డ్రమ్ములు చల్లారినవి. పెద్దాయన తానే నడుపునని మేము తలచితిమి, లోలోపల కోరితిమి కూడ. ఆయన ఎడమప్రక్కనే యెక్కి కూర్చుండి, "రెండో గేరు. వెనకాల ఎవడు మోగించినా మోగించనీ. చోటున్న దగ్గర దారి ఇచ్చెయ్" అనెను. కుఱ్ఱవాని నుదుట చెమట పట్టియుండెను. లారీ యేనుగువలె నెమ్మదిగ దిగసాగెను. టైడా దాటిన పిమ్మట ఒక యిఱుకు మలుపున క్రిందినుండి బస్సు ఎక్కి వచ్చుచుండెను. కొండదారిలో ఎక్కువానిదే మొదటి హక్కు. కుఱ్ఱవాడు ముందే యాగి చోటిచ్చెను. బస్సు డ్రైవరు చేయెత్తి పోయెను. పెద్దాయన అంతవఱకు తన పాదమును, అచ్చట బ్రేకు లేకున్నను, నేలకు నొక్కిపట్టి యుండుట మేము గమనించితిమి. అప్పుడు మెల్లగ సడలించెను. ఆయనకును భయమున్నది, దానిని కుఱ్ఱవానికి కానరానీయలేదు.

బొడ్డవరవద్ద కొండ విడిచి, ప్రొద్దు వాలువేళకు శృంగవరపుకోట చేరితిమి. ఐదుగంటలు నడపినవానికి అరగంట విశ్రాంతి యీయవలెనని, 2025 లో రద్దగువఱకు, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము చెప్పెడిది. వీరు సామాను దింపకముందు నడుము వాల్చనైన లేదు. జాడీలు నాలుగును క్షేమముగ దిగినవి. చెరియొక సీసాడు ఆవకాయ పెట్టి యిచ్చితిమి.

కుఱ్ఱవాడు చేతులు కడుగుకొని తల్లికి ఫోను చేసెను. "దిగిపోయానమ్మా. బ్రేకు కొంచెం కాలింది. గురువుగారికి చెప్పాను, ఆపించారు" అనుచుండెను. ఆవలినుండి ఆ తల్లి యేమనెనో మాకు వినబడలేదు. అట్టి తల్లులు, భార్యలు మన పొరుగిండ్లలోనే యున్నారు; రాత్రి ఫోను మ్రోగిన ఉలికిపడువారు. మన పిల్లవాని నెవరైన ఇట్టి పనికి పంపదలచినచో, జీతమెంతయని యడుగుటకు ముందు, వాని ప్రక్కన కూర్చుండువా డెవరని యడుగుట మేలు.

ఆ రాత్రి పిల్లలను చేరుకొన్నాము. చిన్నమ్మాయి మా కాలి కట్టును చూచి దూరముగ నిలిచినది. దగ్గఱకు పిలిచి, "మఱల ఏదైన పగిలినచో మొదట నాతో చెప్పుము, కొట్టను" అంటిమి. అది నమ్మినదో లేదో ఇంకను తెలియదు. నమ్మువఱకు ఆ మాట నిలబెట్టుకొనవలసినది మేమే గదా!