తొలి ఎత్తు – ఒక వికల్పవిచారం

ఏ కార్యానికైనా ఆరంభమే కష్టతరమని లోకానుభవం. ఫలం గోచరించని చోట అడుగు వేయడానికి బుద్ధి సంశయిస్తుంది. ఆ సంశయానికే విచారమని గౌరవనామం పెట్టుకుంటుంది. విచారానికీ, కాలయాపనకూ గల భేదం గోదావరీతీరవాసి అయిన ఒక వృద్ధ శాస్త్రిగారికి చదరంగపు బల్ల ముందు అవగతమైంది.

ఆయన నాలుగు దశాబ్దాల పాటు మీమాంసాశాస్త్రం పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవారు. వయస్సు డెబ్బైకి సమీపం. వేసవి సెలవులలో ఇరవై రోజులు గడపడానికి హైదరాబాదు నుండి పదకొండేళ్ళ మనుమరాలు వచ్చింది. అటక మీద ఆ పిల్లకు తన తండ్రి చిన్ననాటి చదరంగం దొరికింది. "తాతగారూ, నాతో ఆడతారా?" అని అడిగింది. బాల్యంలో అరుగుల మీద పెద్దలు ఆడుతుండగా చూడటమే తప్ప ఆయన ఎన్నడూ ఆడినవారు కారు. "నేర్చుకొని ఆడతానమ్మా" అన్నారు. ముప్పై ఏళ్ళ క్రితం ఇదే బల్ల తెచ్చి కుమారుడు అడిగినప్పుడు కూడా ఇదే సమాధానం చెప్పిన సంగతి ఆ క్షణంలో ఆయనకు స్ఫురించలేదు.

నియమాలు రెండు రోజులలో పట్టుబడ్డాయి. చిక్కు అంతా తొలి ఎత్తు దగ్గర వచ్చింది. తెల్లపావుల వానికి మొదట సాధ్యమయ్యే ఎత్తులు 20 మాత్రమే: ఎనిమిది బంట్లకు రెండేసి చొప్పున 16, రెండు గుర్రాలకు రెండేసి చొప్పున 4. నల్లపావుల వానికీ అన్నే ఉంటాయి కనుక, ఇరువురూ చెరొక ఎత్తు వేసేసరికి 400 స్థితులు ఏర్పడతాయి. ఈ లెక్క తెలియగానే శాస్త్రిగారిలోని పండితుడు మేల్కొన్నాడు. ఉత్తమమైనది ఏదో నిర్ణయించనిదే బంటును తాకరాదని సంకల్పించి గ్రంథాలు తెప్పించుకున్నారు.

రాజు ముందరి బంటును రెండు గడులు నడిపితే మంత్రికీ, ఒక శకటుకూ ఒకేసారి దారి ఏర్పడుతుంది. పోరు శీఘ్రంగా ముఖాముఖి అవుతుంది. మంత్రి ముందరి బంటును అలాగే నడిపితే దానికి వెనుక నుండి మంత్రి అండ మొదటే ఉంటుంది. ఆట నిదానంగా సాగుతుంది. ఏ బంటునూ కదపక రాజు వైపు గుర్రాన్ని ముందుకు దూకించినా దోషం లేదు. 1924లో న్యూయార్క్‌లో రేటీ ఆ ఎత్తుతోనే ఆరంభించి నాటి ప్రపంచవిజేత కాపాబ్లాంకాను ఓడించాడు. ప్రతి పక్షానికీ మహాయోధులు ఉన్నారు, ప్రతి పక్షంలోనూ జయాపజయాలు ఉన్నాయి. పూర్వపక్షాలు పెరుగుతున్నాయే గాని సిద్ధాంతం తేలడం లేదు.

పన్నెండవ నాటి సాయంకాలం పిల్ల వచ్చి ప్రక్కన కూర్చున్నది. ఫిర్యాదు ఏమీ చేయలేదు. "తాతగారూ, నేను ఇంక ఎనిమిది రోజులే ఉంటాను" అన్నది. అంతే.

శాస్త్రిగారు పుస్తకం మూసి బల్ల ముందుకు జరిగారు. ఆరంభస్థితిలో రాజు వైపు శకటు ముందరి గడి అతిదుర్బలమని, దానికి రాజు తప్ప వేరు రక్షకుడు లేడని ఆయన చదివి ఉన్నారు. ఆ దౌర్బల్యాన్ని మొదటే పరిహరిద్దామని ఆ గడిలోని బంటును ఒక గడి ముందుకు జరిపారు. పిల్ల తన రాజు ముందరి బంటును రెండు గడులు నడిపింది. శత్రువులు చేరువ కాకుండా ఆయన గుర్రం ముందరి బంటును రెండు గడులు తోశారు. పిల్ల మంత్రి ఏటవాలుగా జారి అంచున నిలిచింది. ఆటకట్టు. చదరంగంలో ఇంతకంటె త్వరగా ఓడిపోవడం సాధ్యం కాదు. రాజును కాపాడాలనే తొందరలో రాజు ముందరి తలుపును ఆయనే తీసి పెట్టారు.

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. ఓటమి కంటె అధికంగా బాధించినది మరొకటి: పన్నెండు రోజుల అధ్యయనం తరువాత తాను వేసిన ఎత్తు జ్ఞానం నుండి గాక భయం నుండి పుట్టింది. అప్పుడు తాను ఎన్నోసార్లు పాఠం చెప్పిన వికల్పవిషయమే గుర్తుకు వచ్చింది. యాగంలో హవిస్సుకు వరిధాన్యం కావచ్చు, యవలు కావచ్చు. రెండూ విహితాలే, ప్రయోజనమూ ఒకటే; కనుక ఏది శ్రేష్ఠమనే ప్రశ్నకు అక్కడ తావు లేదు. కర్త ఒకదానిని వరిస్తాడు. వరించిన తరువాత మాత్రం నియమం కఠినం: వరితో ఆరంభించిన ప్రయోగాన్ని వరితోనే ముగించాలి. నడుమ ఆ ధాన్యం నశించినా యవల వైపు మరలరాదు, వరిని పోలిన నీవారాలను గ్రహించాలి. ఎంపికలో స్వాతంత్ర్యం, ఎంచుకున్న దానిలో నిష్ఠ. చదరంగంలో ఉత్తమపక్షాలైన ఆ మూడింటి సంగతీ అదే. ఆయన ఇన్నాళ్ళూ వికల్పం ఉన్న చోట సిద్ధాంతాన్ని వెదికారు.

మరునాటి నుండి ఆయన రాజు ముందరి బంటుతోనే ఆరంభించారు. అది తక్కినవాటి కంటె గొప్పదని కాదు. పావులకు దారులు త్వరగా తెరుచుకుంటాయి, చేసిన తప్పు అప్పుడే బయటపడుతుంది, విద్యార్థికి అది మేలు. ఓడినప్పుడల్లా ఎత్తు మార్చాలనే కోరిక కలిగేది, దానిని నిగ్రహించుకున్నారు. పిల్ల ఒకనాడు అదే బంటుతో ఎదురు నిలిచేది, మరొకనాడు సిసిలియన్ పద్ధతిలో ప్రక్క నుండి వచ్చేది, ఇంకొకనాడు ఫ్రెంచి పద్ధతిలో ఒక్క గడి జరిపి ఊరుకునేది. తన తొలి అడుగు స్థిరంగా ఉన్నందువల్లనే ఎదుటివారి భేదాలు ఆయనకు స్పష్టంగా కనిపించసాగాయి.

ఆ దినాలలోనే ఆయన సుల్తాన్ ఖాన్ చరిత్ర చదివారు. బంటు మొదట సైతం ఒక్క గడి మాత్రమే నడిచే దేశీయపద్ధతిలో ఆట నేర్చిన ఆ పంజాబీ, ఆరంభాలను గురించిన గ్రంథపాండిత్యం లేకుండానే ఇంగ్లండు వెళ్ళి 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిష్ విజేతగా నిలిచాడు. అరుగుల మీద పెద్దలు ఆడిన ఆటా అదే పద్ధతి. గ్రంథం వ్యర్థమని శాస్త్రిగారు అనుకోలేదు. ఆడినవానికే అది అర్థమవుతుందని మాత్రం గ్రహించారు.

ఎనిమిది రోజులలో ఆయన ఒక్క ఆట కూడా గెలవలేదు. చివరి ఆట మాత్రం సమంగా ముగిసింది. పిల్ల ఆనందానికి మేర లేదు.

మరునాడు కుమారుడు పిల్లను తీసుకొని వెళ్ళడానికి వచ్చాడు. భోజనానంతరం బల్ల మీద తన చిన్ననాటి పావులు చూసి కొంతసేపు మౌనంగా నిలబడ్డాడు. శాస్త్రిగారికి ముప్పై ఏళ్ళ నాటి తన మాట అప్పుడు స్ఫురించింది.

"కూర్చో నాయనా. బస్సుకు ఇంకా సమయం ఉన్నది" అన్నారు.

కుమారుడు నల్లపావుల వైపు కూర్చున్నాడు. "మీరే మొదలుపెట్టండి, నాన్నగారూ."

ఆయన ఆలోచించలేదు. రాజు ముందరి బంటును రెండు గడులు నడిపారు.