గొడ్ల డాక్టరమ్మ

మన తెలుగు సినిమాల్లో డాక్టర్లకు కొదవలేదు. 1964లో అక్కినేనివారు "డాక్టర్ చక్రవర్తి" అయిన దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా ఎంతమంది హీరోలు తెల్లకోటు తొడిగారో లెక్కపెట్టడం కష్టం. మరి పశువుల డాక్టరో? పాపం, ఎప్పుడో వొకసారి తెరమీదకొస్తే అది నవ్వించడానికే! బారెడు సిరంజి పట్టుకుని హాస్యనటుడి వెంటపడడం తప్ప ఆయనకు వేరే పని వున్నట్టు మన రచయితలకు తోచదు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనూ నవ్వినదాన్నే. కానీ నేను ఆ డాక్టర్నే అవుతానన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

మాది కృష్ణాజిల్లా, గుడివాడ దగ్గర వొక పల్లె. రెండెకరాల చేను, మూడు ముర్రా గేదెలు. చేను ఏడాదికి రెండుసార్లు డబ్బు చూపిస్తే (చూపిస్తే!) గేదెలు పదిహేను రోజులకోసారి పాలకేంద్రం బిల్లులో చూపించేవి. నా ఫీజులూ, అమ్మ మందులూ, పండక్కి బట్టలూ అన్నీ ఆ పాల డబ్బుల్లోంచే. నన్ను డాక్టర్ని చెయ్యాలని నాన్న కోరిక. డాక్టరంటే ఆయన లెక్కలో మనుషుల డాక్టరే.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో వుండగా మా పెద్దగేదె ఈనింది. మర్నాటికి పడుకున్నది లేవలేదు. మెడ వెనక్కి తిప్పి డొక్కకి ఆనించేసింది. చెవులు పట్టుకుంటే చల్లగా తగిలాయి. ఇరుగుపొరుగు వచ్చి చూసి పెదవి విరిచారు. దాన్ని కొన్న అప్పు ఇంకా సగం కూడా తీరలేదు. నాన్న సావిడి గుంజకు ఆనుకుని కూచుండిపోయాడు.

మధ్యాహ్నానికి డాక్టరుగారు మోపెడ్ మీద వచ్చారు. చెవి ముట్టుకున్నారు, థర్మామీటరు పెట్టి చూశారు, "పాలజ్వరం" అన్నారు. పేరుకు జ్వరమేగాని ఇందులో వొళ్ళు కాలదు, చల్లబడుతుంది. ఈనగానే వొంట్లో కాల్షియం పాలల్లోకి దిగిపోతుంది. నెత్తుట్లో అది తగ్గేసరికి కండరాలు పనిచెయ్యడం మానేస్తాయి. అందులోనూ బాగా పాలిచ్చే గొడ్డుకే ఈ తిప్పలు! ఆయన మెడనరంలో సూది పెట్టి, కాల్షియం సీసా తలకిందులుగా నా చేతికిచ్చారు. తను స్టెతస్కోపుతో దాని గుండె వింటూ కూచున్నారు. "దించు... ఇంకొంచెం దించు... ఆ, అక్కడే వుంచు." తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోతుందట. సీసా అయిపోవస్తుండగా గేదె వొళ్ళు వణికింది. త్రేన్చింది. పేడ వేసింది. ఇంకాసేపటికి వెనక కాళ్ళు కూడదీసుకుని, తరవాత ముందు కాళ్ళు మోపి, నిలబడింది! తెరమీద ఇలా చూపిస్తే "మరీ చోద్యం" అని ఈలలేస్తాం. నేను కళ్ళారా చూశాను.

2014 ఎంసెట్లో నాకొచ్చిన ర్యాంకుకి ఎం.బి.బి.ఎస్. రాదు, పశువైద్యం వస్తుంది.

"ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ చదువమ్మా. అరెకరం అమ్మయినా కడతాను," అన్నాడు నాన్న.

"అరెకరం అమ్మొద్దు నాన్నా. నాకు గన్నవరం చాలు."

"పేడలో చెయ్యి పెట్టకుండా బతకాలనే గదే నిన్ను చదివించింది!"

ఆ మాటకి అప్పుడూ నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు. మూడురోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి అమ్మే, అన్నం వడ్డిస్తూ, "ఆవేళ గేదె లేవకపోతే మీ అరెకరం అప్పుడే పోయేది," అని వూరుకుంది. కౌన్సెలింగుకి నాన్నే తీసుకెళ్ళాడు, దారంతా కిటికీలోంచి చూస్తూ.

గన్నవరం కాలేజీ 1998లో వెలిసింది. దానికి ఎన్.టి.ఆర్. పేరు పెట్టారు. మొదటిరోజు నాన్న గేటు దగ్గర ఆగి ఆ పేరు రెండుసార్లు చదువుకున్నాడు. చదువుకునే రోజుల్లో బెజవాడ హోటళ్ళకు పాలు పోసిన మనిషి రామారావుగారు. నాన్నకి ఆ సంగతి బాగా తెలుసు. పైకి మాత్రం ఏమీ అనలేదు.

చదువు సులువనుకుంటే పొరపాటే. మనుషుల డాక్టరు వొక్క జాతిని చదివితే సరి. మాకు ఆవు, గేదె, గుర్రం, మేక, పంది, కుక్క, కోడి... అన్నీ కావాలి. ఆవుకి పైదవడ ముందు పళ్ళుండవు. గుర్రానికి పిత్తాశయం వుండదు, అది వాంతి చేసుకోలేదు. మనకు జ్వరమొస్తే వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. (ఇంట్లో పిల్లిని పెంచేవాళ్ళు ఈ వొక్కముక్క గుర్తుంచుకోండి!) పైగా మా రోగులెవరూ ఎక్కడ నొప్పో చెప్పరు. కొందరు తంతారు కూడా.

అన్నట్టు, సినిమా ప్రియులకు వొక సంగతి. 1977లో "అడవిరాముడు" ఏనుగుల్ని చూశాం, 1993లో "రాజేంద్రుడు గజేంద్రుడు" చూసి మురిసిపోయాం. 2001లో వచ్చిన నిబంధనల ప్రకారం సినిమాలో జంతువుని నటింపజెయ్యాలంటే భారత జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలి. ఆరోగ్యంగా వుందని పశువైద్యుడు సంతకం పెట్టాలి. పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతి ఇవైతే అసలు పనికిరావు. అందుకే 2022లో "ఆర్ఆర్ఆర్" పులి గ్రాఫిక్స్‌లో పుట్టింది. తెరమీద మమ్మల్ని ఆటపట్టిస్తారుగాని, తెరవెనక మా సంతకం లేనిదే గుర్రం కదలదు మరి!

చదువు అయిదోయేట వొకటి రెండు సంబంధాలు వచ్చాయి. "డాక్టరన్నారు, ఇదా?" అని వెళ్ళిపోయారు. వాటి గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు.

2019లో ఇంటర్న్‌షిప్. వొకరాత్రి పదకొండింటికి పక్కవూరి నుంచి కబురు. గేదె పొద్దున్నించీ నొప్పులు పడుతోంది, దూడ రావడంలేదు. మా సారు, నేను వెళ్ళాం. సారు చెయ్యి లావు, దాటడంలేదు. "నువ్వు చూడమ్మా," అన్నారు. ఆసామి, అరవై దాటిన పెద్దాయన, నన్ను ఎగాదిగా చూసి, "మగ డాక్టరు ఇంకెవరూ లేరా తల్లీ?" అన్నాడు. నేను సబ్బునీళ్ళతో భుజందాకా కడుక్కున్నాను.

దూడ ముందుకాళ్ళు రెండూ వచ్చాయి, తల మాత్రం వెనక్కి దాని డొక్కవైపు తిరిగిపోయి వుంది. అలాగే లాగితే గేదె చస్తుంది. నొప్పికీ నొప్పికీ మధ్య దూడని లోపలికి నెట్టాలి, ఆ దొరికిన జానెడు చోటులో వేళ్ళతో దవడ అందుకుని తల తిప్పాలి. నొప్పి వస్తే గేదె నా చేతిని ఎముకకేసి నొక్కేస్తుంది. చెయ్యి తిమ్మిరెక్కితే తీసి, విదిలించుకుని, మళ్ళీ పెట్టేదాన్ని. గంటన్నరకి తల తిరిగింది. కాళ్ళకి తాళ్ళు వేసి, గేదె ముక్కినప్పుడల్లా లాగాం.

దూడ అప్పటికే చచ్చిపోయింది. పెయ్య.

గేదె మాత్రం దక్కింది. పెద్దాయన దూడమీద గోనెపట్టా కప్పి, "ఇంక ఇది చేపుతుందా?" అన్నాడు. గేదెల సంగతి తెలిసినవాడు గనక అసలు భయం అదే. దూడ పోయిన గేదె చాలాసార్లు పాలు చేపదు. గేదె బతికీ పాలు దక్కకపోతే ఆ ఇంటికి రెండూ పోయినట్టే. వేళ తప్పకుండా, రోజూ వొకే మనిషి, ముందు దాణా పెట్టి, పొదుగు గోరువెచ్చని నీళ్ళతో కడిగి, కాసేపు మర్దనా చేసి పితకమని వాళ్ళావిడకి చెప్పి వచ్చాను. పితికేటప్పుడు కొట్టడాలూ, కేకలూ వొద్దన్నాను.

మూడోరోజు పెద్దాయన సైకిలు మీద కాలేజీ ఆసుపత్రికి వచ్చాడు. హాండిలుకి స్టీలు క్యారేజీ, అందులో జున్నుపాలు. "మొన్న మాట తూలాను, మనసులో పెట్టుకోకు డాక్టరమ్మా," అని నా చేతిలో పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేశాను. అయిదేళ్ళూ నాన్న ఫోన్లో "తిన్నావా, వుంటా" అని తప్ప నా చదువు సంగతి ఎత్తింది లేదు. నేను జరిగినదంతా చెప్పుకొచ్చాను. అవతల చాలాసేపు సద్దులేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"చేపిందా?" అన్నాడు.

"నిన్న సాయంత్రం చేపింది నాన్నా. రెండు లీటర్లు."

"దాణా ఏం పెట్టించావ్?"

తవుడు, పత్తిచెక్క అని చెప్పాను. పత్తిచెక్క ఎంత, తడిపి పెట్టారా, పొడిగానా అని అడిగాడు. ఆ తరవాత మా చిన్నగేదె రెండురోజులుగా సరిగా నెమరెయ్యడంలేదంటూ మొదలుపెట్టాడు. ఫోను పెట్టేసరికి పదకొండు దాటింది.