మా అవ్వ

ఇప్పుడు బ్రూక్‌ఫీల్డ్ అంటే ఎత్తైన భవనాలు గుర్తుకు వస్తాయి. నా చిన్నతనంలో, అంటే 1970ల చివర, కుందలహళ్ళి చుట్టూ రాగిచేలు, అనపచేలు ఉండేవి. 1940లో బెంగళూరులో నెలకొల్పిన విమాన కర్మాగారంలో మా తాత పనిచేశాడు. అవ్వ పుట్టిల్లు పలమనేరు దగ్గరి పల్లె.

చలికాలం వస్తే అవ్వ అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కదాన్నీ పితికి పొట్టు తీసేది. పదిమందికి పితికిపప్పు వండాలంటే మాటలా! వేళ్ళు తెల్లబడి ముడతలు పడేవి. అందరికీ సంగటిముద్దలు పెట్టి, చట్టి అడుగున మిగిలిన మాడు తాను తినేది. "మాడే రుచి" అనేది. చాలాకాలం మేము అది నిజమనే నమ్మాము.

అవ్వకు చదువు రాదు. ఆమె చెల్లెలి దగ్గర నుంచి కార్డు వస్తే నేనే చదివి వినిపించాలి. ఒకనాడు గోలీల ఆటకు వేళ మించిపోతోందని పై రెండు వరుసలు చదివి, "అందరూ బాగున్నారంట" అని పరుగెత్తాను. చెల్లెలికి జబ్బుగా ఉందనీ, అక్కను చూడాలని ఉందనీ కింద రాసి ఉంది. నాలుగు రోజుల తరువాత ఆ కార్డు నాన్న కంటబడింది. అవ్వ ఆ పూటే బయలుదేరింది. ఆమె చేరేసరికి చెల్లెలు కన్నుమూసింది.

అవ్వ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిరిగివచ్చిన మరునాడు ఎప్పటిలాగే సంగటి కెలికి, నా ముద్దలో నెయ్యి వేసింది. మరో కార్డు వచ్చినప్పుడు మాత్రం నా పక్కన కూర్చుని, ఒక్కొక్క వరుసనూ వేలితో తాకుతూ, "ఇది చదివితివా నాయనా? ఈ కిందిదో?" అని అడిగింది.