బంతిపై మోపిన పాదము

నేను మార్కాపురము దాపున ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా చేరిన తొలి దినములలో, సాయంకాలములందు టెన్నిసు ఆడుట నేర్చుకొంటిని. పండితుడు పంచె విడిచి, నిక్కరు తొడిగి బంతి వెంట పరుగెత్తుట చూచి ఊరివారు నవ్విరి. నవ్వినను నేను మానలేదు. పలకలకు పేరుపొందిన సీమ గదా! వాన వెలసినప్పుడెల్ల మా ఆటస్థలమున పలకరాతి పెంకులు పైకి తేలెడివి. ఆటకు ముందు వానిని ఏరివేయుట మా మొదటి పని.

రాళ్లను ఏరితిమి గాని బంతులను ఏరుట మరచితిమి. ఒకనాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు ఎత్తుగా వచ్చిన బంతిని కొట్టుటకై వెనుకకు నడచుచు, నేలపై విడిచిన మరియొక బంతిపై కాలు మోపెను. పాదము లోపలికి మడతపడెను. చీలమండలో ఎముకను ఎముకతో కట్టియుంచు పట్టీలు గలవు, వానిని సంధిబంధనములందురు. వెలుపలి ప్రక్కనున్నవి సాగి చినిగినవి.

అక్కడివారు కాలు గుంజి, నూనె రాచి గట్టిగా తోమిరి. నేను వలదనలేదు. రెండు వారములకే పోటీ యుండుటచే వానిని మరల ఆడించితిని కూడ. ఆ కాలు మరల మడతపడెను. ఈ తప్పు నాదే. వాడు సైన్యములో చేరవలెనని తలచినవాడు. పరుగు పరీక్షనాడు ఆ చీలమండయే వానిని నిలిపివేసెను.

బెణికిన దినమున మర్దనము, కాపడము కూడవని తరువాత నొక వైద్యుడు నాకు బోధించెను. ఆట మాని, గుడ్డలో చుట్టిన మంచుగడ్డను పదిహేను ఇరువది నిమిషములుంచి, పట్టీ చుట్టి, కాలిని దిండుపై ఎత్తి ఉంచవలెను. నాలుగడుగులైనను నడువలేనిచో ఎక్స్‌రే తీయించవలెను. వాపు తీసిన పిదప దినదినము ఒంటికాలిపై నిలుచుట అభ్యసించినచో, మరల మడతపడుట తగ్గును.

నాకును శిక్ష తప్పలేదు. బరువైన పాత రాకెట్టును పిడికిట బిగించి, ఎడమ ప్రక్కకు వచ్చిన బంతిని ఆలస్యముగా, మణికట్టు బలముతోనే కొట్టుచుంటిని. కొన్ని నెలలకు మోచేతి వెలుపల నొప్పి పుట్టెను. సుద్దముక్క పట్టి వ్రాయలేనైతిని. నీళ్ల చెంబెత్తిన చేయి వణికెను. మణికట్టును పైకెత్తు కండరములు మోచేతి వెలుపలి ఎముకకు అతుకుకొనియుండును. నొప్పి అక్కడ, దోషము పిడికిట! దీనిని టెన్నిస్ ఎల్బో అందురు గాని, రాకెట్టు నెరుగని వడ్రంగులకును ఇది వచ్చును. పిడిని వదులుగా పట్టి, నడుమును భుజమును త్రిప్పి కొట్టుట నేర్చుకొనుటకు నాకు ఆరు నెలలు పట్టెను.

ఇది మావంటి వారి కథయే కాదు. హైదరాబాదున పెరిగిన సానియా మీర్జాకు 2008లో మణికట్టుకు శస్త్రచికిత్స జరిగెను. ఆ యేడే బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు నొప్పిచే సింగిల్స్ ఆటను నడుమ విడిచెను. తరువాత కొన్నేండ్లకు సింగిల్స్ మాని, డబుల్స్ ఆడి, 2015లో ఆ విభాగమున ప్రపంచ ప్రథమస్థానము నందుకొనెను.

ఆ బాలుని కుమారుడు ఇప్పుడు అదే స్థలమున ఆడుచున్నాడు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును గనుక, ప్రొద్దు వాలిన పిదపనే వల కట్టుదురు. పిల్లలు చుట్టును మెల్లగా పరుగెత్తి ఒడలు వేడి చేసికొనుచుండగా, తండ్రి బుట్ట పట్టుకొని మూలమూలలా తిరిగి బంతులు ఏరుచుండును. నన్ను చూచినచో నవ్వి, రెండవ బుట్ట నా చేతికిచ్చును.